ఇనుము లేని నడక

మా అమ్మాయి చేసే పనేమిటో అమెరికాలో, ఈ ప్లెయిన్స్‌బరోలో మా అపార్ట్‌మెంట్ల వాళ్ళకి చెప్పడం నాకు మొదట్లో పెద్ద ఇబ్బందిగా ఉండేది. పక్కింటావిడ కూతురు ఫార్మాలో, ఎదురింటబ్బాయి సాఫ్ట్‌వేర్‌లో. వాళ్ళ సంగతి ఒక్క మాటతో తేలిపోతుంది. మా అమ్మాయి భూమిని తవ్వకుండానే లోపలేముందో చూస్తుంది అంటే, "స్కానింగా ఆంటీ?" అనేవాళ్ళు. అదీ ఒకరకంగా నిజమే కాబట్టి అవుననేదాన్ని.

నేను చదివింది ఐదో తరగతి. అందుకని తన చదువు సంగతులు మా అమ్మాయి నాకు వంటింట్లోనే చెప్పేది, చేతికందిన వస్తువు చూపించి. ఒకరోజు నేను చపాతీపిండి కలుపుతుంటే అందులో ఒక జీడిపప్పు గుచ్చి, పైన పిండి కప్పేసింది.

"ఇప్పుడిది పైకి కనపడదు కదమ్మా. నేలలో కూడా అంతే. భూమికి సొంతంగా ఒక లాగుడుంటుంది, దిక్సూచి ముల్లుని ఉత్తరానికి తిప్పేది అదే. లోపల ఇనుమున్నా, కాల్చిన ఇటుకలున్నా, ఎప్పుడో తవ్వి పూడ్చేసిన కాలవున్నా, అక్కడ ఆ లాగుడు కాస్త తేడా పడుతుంది. నా మిషన్ ఆ తేడా పట్టుకుంటుంది."

"మన వైపు బోరు వెయ్యడానికి ముందు అరచేతిలో కొబ్బరికాయ పెట్టుకుని పొలమంతా తిరుగుతారే, అలాగా?" అన్నాను.

హాల్లో కూర్చుని ఆఫీసు పని చేసుకుంటున్న అల్లుడుగారు పకపకా నవ్వారు. "కరెక్ట్ అత్తయ్యగారూ! మీ అమ్మాయి పీహెచ్‌డీ కొబ్బరికాయలోనే."

"నవ్వు, నవ్వు. మీ సర్వర్ డౌన్ అయినప్పుడు నేనే వచ్చి కొబ్బరికాయ కొడతా," అంది మా అమ్మాయి. పిండిలోంచి జీడిపప్పు తీసి నోట్లో వేసుకుని వెళ్ళిపోయింది.

ఆ పిల్ల మన దేశంలో భూగర్భశాస్త్రంలో ఎమ్మెస్సీ చేసింది. పెళ్ళయి ఇక్కడికొచ్చాక డిపెండెంట్ వీసా మీద ఉద్యోగం చెయ్యడానికి లేకపోయింది. పాప పుట్టింది. చాలా ఏళ్ళు ఇంట్లోనే ఉంది. తెలిసినవాళ్ళందరూ సాఫ్ట్‌వేర్ కోర్సు చెయ్యమని చెప్పినవాళ్ళే. తను వినలేదు. చివరికి యూనివర్సిటీలో సీటు తెచ్చుకుని, తనకన్నా పదేళ్ళు చిన్నవాళ్ళ పక్కన కూర్చుని మళ్ళీ చదువు మొదలుపెట్టింది. అప్పటినుంచీ నేను వాళ్ళింట్లోనే ఉంటున్నాను, మనవరాలిని చూసుకుంటూ.

తన ప్రొఫెసరు ఒక అమెరికావిడ. మా ఇంట్లో ఆవిణ్ణి ప్రొఫెసరమ్మ అనే అంటాం. అరవై దాటినా పొలాల్లో తిరిగే మనిషి. ఆవిడ ఏటా ఎండాకాలంలో ఇటలీ వెళ్తుంది. అక్కడ సముద్రం ఒడ్డున రోమన్లు కట్టిన పెద్ద రేవు ఉండేదట. ధాన్యం ఓడలు వచ్చి ఆగేవట. తరవాత ఏటిమట్టి మేటవేసి, సముద్రం వెనక్కి జరిగి, రేవంతా పూడిపోయి, ఇప్పుడు పైన పొలాలున్నాయి. పొలాల్ని తవ్వనివ్వరు. అందుకని మిషన్ పట్టుకుని పైన నడిచి, కింద గోడలెక్కడున్నాయో గీస్తారు.

ఆ ఏడు ఆవిడ తనతో ఇద్దరు స్టూడెంట్లనే తీసుకెళ్తానంది. ఒకరు మిషన్ మొయ్యాలి. రెండోవాళ్ళు మేకులు పాతి, తాళ్ళు లాగి, కొలతలు చూసుకోవాలి. మా అమ్మాయి థీసిస్‌కి తను నడిచి తెచ్చిన రేవు బొమ్మే కావాలి. ఇంకొకళ్ళు నడిచింది పనికిరాదు. ఆ మిషన్ తనకి దొరక్కపోతే మరో ఏడాది ఆగాలి, ఆ మరో ఏడాదికి ఫండింగ్ లేదు. సంగతి అంతవరకూ వచ్చింది. రెండో స్టూడెంటు కాలిఫోర్నియా కుర్రాడు. పొడుగ్గా ఉంటాడు, మర్యాదస్తుడు, బాగా నడుస్తాడు.

బాగా నడవడం అంటే నవ్వొచ్చేది నాకు. కానీ అది నిజంగానే ఒక విద్య. రెండు పొడుగాటి గొట్టాలు నిలువుగా బిగించిన చట్రం నడుము దగ్గర పట్టుకుని, నేల మీద లాగిన తాడు వెంట, మిషన్ కూత పెట్టినప్పుడల్లా ఒక మీటరు దాటేలా, ఎగుడుదిగుడు లేకుండా నడవాలి. ఆ చివరిదాకా వెళ్ళి, పక్క తాడు పట్టుకుని వెనక్కి రావాలి. అలా దుక్కి దున్నినట్టు, మేకులు పాతి గుర్తుపెట్టిన చదరం మొత్తం నడవాలి. మా అమ్మాయి దాన్ని మా పార్కింగ్ లాట్‌లో ప్రాక్టీస్ చేసేది. ఇల్లు తుడిచే ప్లాస్టిక్ కర్ర రెండు చేతులా పట్టుకుని, ఫోన్‌లో కూత పెట్టుకుని, అటూ ఇటూ.

పక్కింటావిడ బాల్కనీలోంచి చూసి చూసి ఒకరోజు నన్నడిగింది. "వదినగారూ, మీ అమ్మాయి ప్రదక్షిణలు మొక్కుకుందా? ఏ దేవుడికి?"

"రోమన్ల రేవుకి," అన్నాను.

ఆవిడ కాసేపు ఆలోచించి, "మంచిదే. అయినా ప్రదక్షిణం అంటే చుట్టూ తిరగాలి కదండీ, ఇలా వెనక్కీ ముందుకీ కాదు," అంది.

నడక బాగానే కుదిరింది. బొమ్మ కుదరలేదు. అదీ వచ్చిన చిక్కు.

మా ఊరు దాటాక ప్రొఫెసరమ్మకి తెలిసిన రైతు పొలం ఒకటుంది. అందులో ఆవిడ కొన్ని వస్తువులు కావాలనే పాతిపెట్టించింది. ఇనపగొట్టం, కాల్చిన ఇటుకలు, పూడ్చిన కాలవ. వాటి మీద నడిస్తే కంప్యూటర్‌లో అవి కనపడాలి. కాలిఫోర్నియా కుర్రాడు నడిస్తే కనపడుతున్నాయి. మా అమ్మాయి నడిస్తే మాత్రం తెరంతా చారలు. ఒక వరస నల్లగా, పక్క వరస తెల్లగా, మళ్ళీ నల్లగా. ఆ బొమ్మ నాకు చూపించింది. అచ్చం మా పుట్టింటి జంపఖానాలా ఉంది. ఇటుకలూ కాలవా ఆ చారల కింద మునిగిపోయాయి.

అలా చారలొస్తే మోసే మనిషి ఒంటి మీద ఇనుమున్నట్టు లెక్కట. మా అమ్మాయి ఒక్కొక్కటే తీసేసింది. బెల్టు తీసేసింది. జిప్పున్న ప్యాంటు మానేసి నాడా ప్యాంటు వేసుకుంది. బూట్లకి ఇనపరింగులున్నాయని రబ్బరు బూట్లు కొనుక్కుంది. కళ్ళజోడు ప్లాస్టిక్‌ది చేయించుకుంది. పుస్తెలూ నల్లపూసలూ మెడలోనే ఉంటాయని ప్రొఫెసరమ్మ అడిగినప్పుడే చెప్పింది. "బంగారమైతే ఫరవాలేదు, దాన్ని అయస్కాంతం పట్టదు," అందావిడ. అదీ నిజమే. అయినా చారలు పోలేదు. శరత్కాలంలో ఒక పాత కాలవ గట్టున తను చేసిన సర్వేలో కూడా ఇలాంటివే సన్నగా వచ్చాయట. అప్పుడందరూ మిషన్‌దే లోపమనుకున్నారు. ప్రొఫెసరమ్మ దాన్ని రిపేరుకి పంపాలా అని కూడా ఆలోచిస్తోందట.

"కానీ అతను నడిస్తే బాగానే వస్తోందిగా అమ్మా," అంది మా అమ్మాయి ఒకరోజు, గిన్నెలు తుడుస్తూ. "మిషన్ బాగానే ఉంది. నా దగ్గరే ఏదో ఉంది. అదేమిటో తెలీకపోతే ఎలా బాగుచేసుకోను?"

ఏప్రిల్‌లో ప్రొఫెసరమ్మ చెప్పేసింది, ఆ శనివారం మధ్యాహ్నం పొలానికొచ్చి చూస్తాననీ, సోమవారం నాటికి ఎవరు నడవాలో తేల్చేస్తాననీ. ఆ శనివారం తాళ్ళు జరపడానికి మనిషి కావాలి. కాలిఫోర్నియా కుర్రాడు ఊళ్ళో లేడు. అల్లుడుగారు పాపని డాన్స్ క్లాసుకి తీసుకెళ్ళాలి. నేను వస్తానన్నాను.

"నువ్వొస్తే నీ ఒంటి మీద కూడా ఇనుము ఉండకూడదు," అంది మా అమ్మాయి.

పొద్దున్నే నన్ను హాల్లో నిలబెట్టి పరీక్ష చేసింది. తల్లో స్లైడ్లు తీయించింది. ముడి జారిపోతే రబ్బరుబ్యాండు పెట్టింది. నా గాజుల్లో వేలాడుతున్న పిన్నీసులు తీసి గిన్నెలో వేసింది. కుచ్చిళ్ళకి పెట్టుకున్నది తీయించింది. భుజం మీద పైటకి పెట్టుకున్నదీ తీయించింది.

"జాకెట్ హుక్కులు కూడా ఇనపవేనే. అవీ పీకేస్తావా?" అన్నాను.

అల్లుడుగారు కాఫీ కప్పుతో సహా లేచారు. "నాకు ఆఫీస్ కాల్ ఉంది," అంటూ గదిలోకెళ్ళి తలుపేసుకున్నారు.

"శనివారం ఆఫీస్ కాలేమిటి డాడీ?" అని మనవరాలు తలుపు దగ్గర నిలబడి అడుగుతూనే ఉంది.

చివరికి నా దగ్గరున్న పాత బొత్తాల జాకెట్ వేసుకున్నాను. పులిహోర స్టీలు డబ్బాలో పెడితే వద్దని ప్లాస్టిక్ డబ్బాలోకి మార్చింది. అల్లుడుగారు మమ్మల్ని పొలంలో దింపేసి వెళ్ళారు.

ఆ పొలంలో ఏమీ లేదు. గడ్డి, గాలి, చివర్న రైతు పాత కొట్టం. మా అమ్మాయి కొయ్యమేకులు పాతింది. నేను తాడు చివర పట్టుకుని నిలబడ్డాను. తాడు మీద మీటరుకొక ఎర్రగుర్తు. తను ఒక వరస నడిచి రాగానే నేను తాడు పక్క మేకుకి జరిపి దూరంగా వెళ్ళిపోవాలి. మాట్లాడకూడదు, లెక్క తప్పుతుందట. అంతసేపు మాట్లాడకుండా నేనుండటం మా అమ్మాయి పుట్టాక అదే మొదటిసారి అనుకుంటాను.

చదరం పూర్తయ్యాక కొట్టంలో పెట్టిన లాప్‌టాప్‌కి మిషన్ కలిపి చూసింది. నేను వెనక నిలబడి చూశాను. జంపఖానా.

మా అమ్మాయి లాప్‌టాప్ మూసేసింది. కొట్టం బయట గడ్డి మీద కూర్చుంది. నేను డబ్బా తెరిచి ముందు పెట్టాను. తినలేదు.

"అతన్నే నడవనీ అమ్మా. నేను మేకులు పాతుతాను. అదీ పనే కదా," అంది.

"మరి నీ థీసిసో?"

"చూద్దాం. సాఫ్ట్‌వేర్ కోర్సు ఇప్పటికీ ఉందిగా," అని నవ్వబోయింది. కళ్ళల్లో నీళ్ళు తిరిగాయి.

సరిగ్గా అప్పుడే గాలి ఒక్క ఊపు ఊపింది. పిన్ను లేని పైట కదా, ఎగిరి నా ముఖాన పడింది, కొసలు పులిహోరలో పడ్డాయి. ఒక చేత్తో పైట, ఒక చేత్తో డబ్బా పట్టుకుని, "ముందు ఒక పిన్నీసుంటే ఇవ్వవే," అన్నాను.

మా అమ్మాయి అలవాటుగా చొక్కా కాలర్లో చెయ్యి పెట్టి, నల్లపూసల్లోంచి ఒక పిన్నీసు తీసి నా చేతికిచ్చింది. నేను పైట సర్దుకుని భుజం మీద దాన్ని గుచ్చేసుకున్నాను. డబ్బా మూత కూడా పెట్టాను.

మా అమ్మాయి చెయ్యి మాత్రం ఇంకా గాల్లోనే ఉంది.

"అమ్మా," అంది నెమ్మదిగా. "అదెక్కడ్నించి తీశాను నేను?"

నేను తన మెడకేసి చూశాను. తనూ గొలుసు పైకి లాగి చూసుకుంది. పుస్తెల పక్కన గుత్తిగా పిన్నీసులు. చిన్నవి, పెద్దవి, పాప డాన్స్ డ్రెస్సుకి పెట్టేది ఒకటి, వంగిపోయినది ఒకటి. పెళ్ళినాడు చీరకి కావాలని పెద్దవాళ్ళెవరో తగిలించి ఉంటారు. తరవాత తను చీరలు కట్టడమే అరుదైపోయింది గానీ, పిన్నీసులు మాత్రం మెడలోంచి పోలేదు. నా మెడలో నా గొలుసుకీ ఉండేవి, అవి గాజుల్లోకి మారాయి. ఇంట్లో ఎవరికి ఏది తెగినా ఊడినా మేము చెయ్యి పెట్టేది మెడ దగ్గరే. వాటిని ఒక వస్తువని ఎప్పుడూ అనుకోలేదు. పొద్దున్న నా ఒంటి మీదవన్నీ వెతికి వెతికి తీయించిన పిల్ల కూడా అనుకోలేదు. "నగలేమైనా ఉన్నాయా?" అని ప్రొఫెసరమ్మ అడిగితే నగలే చెప్పింది.

"బూట్లు కొన్నాను," అంది మా అమ్మాయి. "కళ్ళజోడు మార్చాను. మిషన్ రిపేరుకి పంపబోయారు. ఇవి పెట్టుకుని!"

ఆ తరవాత ఇద్దరం ఎంత నవ్వామంటే, పక్క పొలంలో ట్రాక్టరు నడిపేవాడు ఆపి మరీ చూశాడు.

పిన్నీసులన్నీ తీసేసి, నా పైటది కూడా లాక్కుని, కొట్టంలో గూటిలో పెట్టింది. నేను పైట నడుముకి బిగించి దోపుకున్నాను. మళ్ళీ మొదటి మేకు నుంచి నడిచింది. అదే నడక, అదే తాడు. ఈసారి తెర మీద చారలు లేవు. బూడిదరంగు చదును మీద ఇనపగొట్టం సిరా ఒలికినట్టు నల్లగా, ఇటుకలు గుండ్రంగా, కాలవ ఏటవాలుగా. ఎక్కడివక్కడ.

"ఒక్కొక్కటీ చిన్నదే కానీ అమ్మా, నేను అటు తిరిగి నడిస్తే ఒకలా లాగుతాయి, ఇటు తిరిగి నడిస్తే ఇంకోలా. అందుకే వరస నలుపు, వరస తెలుపు," అని తనకి తనే చెప్పుకుంటూ ఉంది.

నాకు మనసు కుదుటపడింది. ప్రొఫెసరమ్మ కారు దూరంగా మలుపు తిరుగుతోంది. "ఇది చూపించు చాలు. పిన్నీసుల గొడవ చెప్పకు. చిన్నపిల్లలా ఇంత చూసుకోలేదా అనుకుంటుంది. అతనికే ఇచ్చేస్తుంది," అన్నాను.

మా అమ్మాయి తల అడ్డంగా ఊపింది. "శరత్కాలంలో చేసిన కాలవ సర్వే కూడా ఇలాగే పాడైందమ్మా. అది నా లోపం. చెప్పకపోతే వాళ్ళు దాన్ని మిషన్ మీదే రాసేసుకుంటారు."

"ఈ ఒక్క రోజు ఆగకూడదే? సోమవారం దాటాక చెప్పు."

"అప్పుడు చెప్తే దాచినట్టే కదా."

ప్రొఫెసరమ్మ దిగింది. మా అమ్మాయి ముందు కొత్త బొమ్మ చూపించలేదు. గూట్లోంచి పిన్నీసులు తీసుకెళ్ళి ఆవిడ అరచేతిలో పోసి, సంగతంతా చెప్పింది. ఇంగ్లీషులో చెప్పింది కాబట్టి నాకు మాటలు కొన్నే అందాయి. పాత సర్వే పేరెత్తినప్పుడు గొంతు సన్నబడటం మాత్రం అందింది. ఆవిడ నవ్వలేదు. ఒక్కొక్క పిన్నీసూ మిషన్ దగ్గరికి తీసుకెళ్ళి అంకెలు చూసింది. అంకెలు ఒక్కసారి ఎగిరిపడ్డాయి. అన్నీ చూశాక, లాప్‌టాప్‌లో కొత్త బొమ్మ కూడా చూసి, నావైపు తిరిగి ఏదో అడిగింది.

"మన దగ్గర ఆడవాళ్ళందరూ ఇలాగే పెట్టుకుంటారా అంటోంది," అంది మా అమ్మాయి.

"చీర కట్టేవాళ్ళు చాలామంది. కావాలంటే ఆవిడకీ రెండిస్తాను, అవసరం పడుతుందని చెప్పు," అన్నాను.

అది విన్నాక ఆవిడ నవ్వింది. కానీ ఆ వెంటనే ముఖం మామూలుగా పెట్టి మా అమ్మాయితో మాట్లాడింది. కారెక్కి వెళ్ళిపోయింది. మా అమ్మాయి నిలబడిపోయింది.

"ఏమంది? చెప్పవే!"

"శరత్కాలం సర్వే మొత్తం మళ్ళీ నడవమంది. ప్రయాణానికి ముందే. అది శుభ్రంగా పూర్తయితే మిషన్ నాకట. లేకపోతే అతనికి."

"అంతేనా?"

"అంతే. సోమవారం దాకా కూడా ఆగలేదు."

ఆ కాలవగట్టు పొడుగెంతో నాకు తెలీక అప్పుడు సంతోషించాను. అది చాలా పొడుగు. మే నెలంతా వాన. వాన లేని పొద్దు చూసుకుని వెళ్ళేవాళ్ళం. కొన్నిరోజులు కాలిఫోర్నియా కుర్రాడే వచ్చి తాడు పట్టాడు, తనకి దక్కాల్సినది పోతుందని తెలిసి కూడా. అతనికి నేను గోంగూర పచ్చడి పెట్టాను. కన్నీళ్ళు పెట్టుకుని మళ్ళీ వేయించుకున్నాడు. అతను రాని రోజుల్లో నేను వెళ్ళాను. సెలవు పెట్టి అల్లుడుగారు కూడా ఒకరోజు వచ్చారు. ఆయన తాడు వంకరగా జరిపారని ఒక చదరం మొత్తం మళ్ళీ నడవాల్సి వచ్చింది. ఆ దెబ్బకి కొబ్బరికాయ మాట ఎత్తడం మానేశారు. ఆఖరి వరస అయ్యేసరికి బట్టలు సర్దుకోవడానికి కూడా సరిగ్గా టైమ్ మిగల్లేదు.

జూన్‌లో మా అమ్మాయి ఇటలీ వెళ్ళింది. వెళ్ళిన వారానికి వీడియో కాల్ చేసింది. మాకు పొద్దున్న, వాళ్ళకి మధ్యాహ్నం. ఫోన్ మిషన్ దగ్గర ఉండకూడదు కాబట్టి దూరంగా నిలబడి కుర్రాడు పట్టుకున్నాడు. ముందు నాకు లాప్‌టాప్ తెర చూపించాడు. బూడిదరంగు మధ్యలో మందపాటి నల్లగీత, ఒకచోట తిన్నగా మూల తిరిగి ఉంది. రేవు గోడట. అగ్నిపర్వతం బూడిద కలిపి కట్టారు కాబట్టి అంత బాగా కనపడుతోందట.

"నీళ్ళేవి?" అన్నాను.

"నీళ్ళు పోయి చాలాకాలమైందమ్మా. ఇక్కడ పుచ్చతోట వేశారు," అంది మా అమ్మాయి తెర పక్కనుంచి. ఎండకి బాగా నల్లబడింది. "పెట్టేస్తానమ్మా, నా వరస మిగిలిపోయింది."

కుర్రాడు ఫోన్ ఆపెయ్యలేదు. పొలం వైపు తిప్పి పట్టుకున్నాడు. అల్లుడుగారూ, మనవరాలూ, నేనూ టేబుల్ దగ్గరే కూర్చుని చూశాం. అంత దూరాన మా అమ్మాయి వేలెడంత కనపడుతోంది. మిషన్ ఎత్తుకుంది. తాడు వెంట బయల్దేరింది. గాలి చప్పుడు తప్ప ఏమీ వినపడలేదు. మనవరాలు ఏదో అనబోతే, "అమ్మ లెక్కపెట్టుకుంటోంది, మాట్లాడకు," అన్నాను. పొలం ఆ చివరిదాకా వెళ్ళింది. ఆగి, పక్క తాడు దగ్గరికి జరిగి, వెనక్కి తిరిగి, మావైపు నడుచుకుంటూ వచ్చింది.